ఆపరేషన్ సున్నా

"మీ బావ పనిచేసే ప్లాంటే," అన్నాడు చీఫ్. "రాయిలోంచి బంగారం తీసేది. ఒక విదేశీ ముఠా దాని మీద కన్నేసింది. నువ్వు ఎలక్ట్రీషియన్‌గా వెళ్తావు. లోపల మన మనిషి ఉంది. ల్యాబ్ మేడమ్."

"ప్రమాదమైతే సార్?"

"మైకులో 'సున్నా' అను. అది వినగానే షిఫ్ట్ అంతా బయటికి పరిగెత్తాలని డ్రిల్ చేయించాం."

డిపార్ట్‌మెంట్‌లో ఆ ఏజెంట్ పేరు పిచ్చుక. అతను బల్బులు అమ్ముకుని బతుకుతున్నాడని వాళ్ళక్క నమ్మకం. మీసం అతికించుకుని బయల్దేరాడు.

బావ గుర్తుపట్టలేదు. "ఏయ్ మీసం! ఆ మైకు బాగుచెయ్యవయ్యా, ఒక్క ముక్క వినపడి చావదు," అన్నాడు. ఏళ్ళ తరబడి రాళ్ళు పిండిచేసే మిల్లు పక్కనే నిలబడి, బావకి సగం చెవుడొచ్చింది.

ఆ రాతిపిండిని సైనైడ్ నీళ్ళలో కలిపి పెద్ద ట్యాంకుల్లో తిప్పుతారు. బంగారం కరిగి నీళ్ళలోకి దిగుతుంది. సున్నం వేస్తూ ఉన్నంతసేపూ సైనైడ్ ఆ నీళ్ళలోనే పడి ఉంటుంది. యాసిడ్ ఎక్కువైతే విషవాయువై పైకి లేస్తుంది.

కంట్రోల్ రూములో మేడమ్ ఎదురైంది. ఖరీదైన సెంటు వాసన. లిప్‌స్టిక్ మూత తీసి అతని వైపు తిప్పింది. అది లిప్‌స్టిక్ కాదు, పిస్టల్.

"నువ్వు మా మనిషివి కదా!"

"మీ మనిషినే. వాళ్ళ మనిషిని కూడా. వాళ్ళు జీతం టైముకిస్తారు."

అతన్ని కుర్చీకి కట్టేసింది. "యాసిడ్ పైపు ట్యాంకులోకి తిప్పేశాను. ఈ షిఫ్ట్ పోతుంది, ప్లాంట్ మూతపడుతుంది. వాళ్ళు కారుచౌకగా కొనేస్తారు." అతని జేబులోని కెమెరా పెన్ను లాక్కుంది. "పెన్ను బావుంది," అంటూ తలుపుకి తాళమేసి వెళ్ళిపోయింది.

అద్దం అవతల, ట్యాంకు మీది మెట్ల వంతెనపై బావ. భుజాన తువ్వాలు. ఏదో కూనిరాగం తీస్తున్నట్టు పెదాలు కదులుతున్నాయి. గోడ మీద పీహెచ్ మీటరు ముల్లు, యాసిడ్ పెరిగేకొద్దీ, పదకొండు దాటి కిందికి జారుతోంది. పది కన్నా కిందికి పోతే గ్యాస్ మొదలు.

పిచ్చుక కుర్చీతో సహా గెంతుకుంటూ వెళ్ళి గడ్డంతో మైకు స్విచ్ నొక్కాడు.

"సున్నా! బావా, పరిగెత్తు! యాసిడ్! సున్నా!"

స్పీకరు గరగరలాడింది. కింద ఒక్కరూ కదల్లేదు. బావ తలెత్తి, అద్దం ఇవతలికి వినపడేంత గట్టిగా అరిచాడు.

"ఏంటీ?"

"సున్నా! సున్నా!"

"సున్నమా? ఇందాకే కదయ్యా వేశాను!"

"సున్నం కాదు, సున్నా! బయటికి పో!"

"సరే సరే, వేస్తున్నా. అరవకు!"

ముల్లు పది దగ్గరికొచ్చింది. బావ పారిపోవడం లేదు. తీరిగ్గా వంగి సున్నం బస్తా మూతి విప్పుతున్నాడు. అక్కకి ఏం చెప్పాలి? పిచ్చుక అద్దానికి తల కొట్టుకున్నాడు. గొంతు పోయింది. మీసం ఊడి ఒళ్ళో పడింది. చేయగలిగిందేమీ లేక కళ్ళు మూసుకున్నాడు.

తెరిచేసరికి బావ ఇంకో బస్తా గుమ్మరిస్తున్నాడు, తిట్టుకుంటూ. ఆ తర్వాత ఇంకోటి.

ముల్లు పది మీద వణికింది. ఆగింది. మెల్లగా వెనక్కి నడిచింది.

యాసిడ్ పైపు సంగతి కాసేపటికి మెకానిక్‌లు చూసుకున్నారు. ఎవరికీ ఏమీ కాని ప్లాంటులో గ్యాస్ మాస్కు తగిలించుకున్నది మేడమ్ ఒక్కతే. గేటు దగ్గరే దొరికిపోయింది.

సాయంత్రం ఫోనులో చీఫ్ అడిగాడు. "రిపోర్టులో నువ్వేం చేశావని రాయను?"

"సున్నా అని రాయండి సార్."

"లైను బాలేదు. ఏంటీ, సున్నమా?"

"అదే రాసేయండి సార్."