పట్టు మీద అరచెయ్యి

“మీ చెయ్యి మా బట్టని కొరికేసింది,” అంది ఆమె.

మా ఇద్దరి పరిచయం మొదలైంది అలా. నేను వడ్రంగిని. ఎంబ్రాయిడరీ వర్క్‌షాప్‌లో బట్ట బిగించే చెక్క ఫ్రేములు చూసుకునే పెద్దాయన పని మానేశాడని తెలిసి, ఆ ఉద్యోగం అడుగుదామని వెళ్ళాను. గుమ్మం పక్కన చిన్న బల్ల, దాని మీద తెల్లటి పట్టుముక్క ఉన్నాయి. లోపలికి వెళ్ళేవాళ్ళెవరైనా దాని మీద అరచెయ్యి రాయాలట. పోగు లేస్తే అక్కణ్ణుంచే వెనక్కి. నాకేం తెలుసు, మెత్తగా బాగుందే అని నిమిరాను. ఒకటి కాదు, నాలుగు పోగులు లేచొచ్చాయి.

“ఊరికే నిమిరానండీ.”

“నిమిరితేనే ఇలా ఉంది. గట్టిగా పట్టుకునుంటే ఏమైపోయేదో.”

లోపల్నుంచి ఓ పెద్దావిడ గొంతు వినిపించింది. “ఎవరే?”

“ఫ్రేముల పనికి వడ్రంగి వచ్చాడు బామ్మా. పనితనం సంగతేమో గానీ చేతులు మాత్రం ఆకురాయిలా ఉన్నాయి.”

వర్క్‌షాప్ బామ్మగారిది. బయటికొచ్చి, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి నా చేతులు చూసింది. “బట్ట బిగించి ఉండగానే ఫ్రేములు సరిచెయ్యాలి అబ్బాయీ. ఈ చేతుల్తో కుదరదు. నెల టైమిస్తాను. అప్పటికీ పోగు లేస్తే ఇంకొకణ్ణి చూసుకుంటా.”

గుమ్మం దిగుతూ వెనక్కి తిరిగి చూశాను. మనవరాలు లేచిన పోగుల్ని సూదిమొనతో సర్దుతూ, నన్ను చూసి నవ్వాపుకుంటోంది. ఆ ఉద్యోగం నాకు దక్కితీరాలని అప్పుడే గట్టిగా అనుకున్నాను.

నాలుగోరోజు, బామ్మగారు పంపిన ఓ ఖాళీ ఫ్రేము కాళ్ళు బాగుచేసి ఇవ్వడానికి వాళ్ళ వరండాలోకి వెళితే, మనవరాలు నా చేతులు చూసి నిర్ఘాంతపోయింది.

“ఏం చేశారివి?”

“నున్నగా చేశానండీ.”

“దేంతో?”

“ఉప్పుకాగితంతో. ముందు గరుకుది, తర్వాత సన్నది.”

జోకేమోనని నా మొహంలోకి చూసింది. కాదని అర్థమయ్యాక నుదురు కొట్టుకుంది.

“అది చెక్కా, చెయ్యా?”

“పదేళ్ళుగా నాకు తెలిసిన విద్య అదొక్కటే.”

బొటనవేలి పక్కన పగుళ్ళలోంచి రక్తం వస్తోంది. ఆమె నవ్వు పోయింది. “ముందు చర్మం డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. ఆయన చీటీ తెచ్చి చూపిస్తేనే నేను మాట్లాడతాను,” అంది. వెళ్ళాను. ఆయన పావుగంట తిట్టి, ఆయింట్‌మెంట్ రాసి, వారంపాటు పాలిష్ పని ముట్టుకోవద్దన్నాడు. చీటీ ఆమె చేతిలో పెట్టగానే ఎంక్వైరీ మొదలైంది.

“రోజూ ఏం చేస్తారో వరసగా చెప్పండి.”

“పొద్దున్నే పొగలుకక్కే వేడినీళ్ళ స్నానం.”

“ఎంతసేపు?”

“నాలుగు పాటలయ్యేదాకా. పాడుకుంటా.”

“సబ్బు?”

“బట్టల సబ్బే. రంపంపొట్టు మొత్తం దెబ్బకి వదిలిపోతుంది.”

ఆమె కళ్ళు మూసుకుంది. “చేతికి పాలిష్ అంటితే?”

“థిన్నర్‌తో తుడిచేస్తా.”

“ఇన్ని చేసినా మీ చర్మం మిమ్మల్ని వదిలి పారిపోలేదంటే, దానికి మీరంటే ప్రాణమన్నమాట.”

“పోనీలెండి, ఎవరో ఒకరికి ఉందిగా.”

ఆమె తల తిప్పేసుకుంది గానీ, చెవులు ఎర్రబడ్డాయి. నేను చూశాను.

“వినండి,” అంది గొంతు సవరించుకుని. “చర్మానికి దాని జిడ్డు దానికుంటుంది. వేడినీళ్ళు, ఆ సబ్బు, థిన్నర్ కలిసి దాన్ని కడిగేస్తున్నాయి. మిగిలిందేమన్నా ఉంటే రంపంపొట్టు పీల్చేస్తోంది. పైగా ఇప్పుడు చలిగాలి. ఇవాళ్టి నుంచి గోరువెచ్చటి నీళ్ళు, ఒక్కటే పాట.”

“చిన్న పాటా, పెద్ద పాటా?”

“పల్లవితో ఆపెయ్యండి. ఘాటులేని సబ్బు వాడండి. తువ్వాలుతో రుద్దకుండా అద్దుకోండి. తడి పూర్తిగా ఆరకముందే క్రీమ్ రాసేయాలి, అప్పుడే ఆ తడి చర్మంలో నిలుస్తుంది. చేతులు కడిగినప్పుడల్లా మళ్ళీ రాయాలి. వాసనలున్నది కొనకండి, మండుతుంది. పడుకునే ముందు డాక్టరిచ్చిన ఆయింట్‌మెంట్, పైన కాటన్ గ్లౌజులు. తగ్గాక కూడా పాలిష్ పనికి గ్లౌజులు లేకుండా కూర్చోవద్దు. సూది పట్టేవాళ్ళం మేమందరం ఇంత జాగ్రత్తగానే ఉంటాం.”

ఆ నెలంతా రెండ్రోజులకోసారి వరండాలో నా చేతులకి తనిఖీ జరిగింది. ముట్టుకునేది కాదు, పుచ్చకాయ బేరం చేసేవాళ్ళలా అటూ ఇటూ తిప్పించి చూసేది.

“నిన్న క్రీమ్ రాయలేదు.”

“ఎలా తెలిసింది?”

“వేళ్ళ కణుపుల దగ్గర బూడిద పూసినట్టుంది.”

పగుళ్ళు మానాయి. చర్మం పొట్టు రాలడం తగ్గింది. నా ధైర్యం మాత్రం పెరిగింది. ఓ వాన సాయంత్రం చూరు కింద నిలబడి అడిగేశాను. “ఇంత శ్రద్ధ నా మీదా, మీ పట్టు మీదా?”

“పట్టు మీదే,” అంది తడుముకోకుండా.

గొడుగు చేతిలో ఉండీ వేసుకోవడం మర్చిపోయి, ఇంటిదాకా తడుస్తూ వెళ్ళాను. అంత బాధేసింది. అయినా ఇంటికెళ్ళగానే తల తుడుచుకుని, చేతులకి క్రీమ్ రాశాను.

గడువు రోజు వచ్చింది. గుమ్మం దగ్గరి పట్టుముక్క మీద చెయ్యి పెట్టబోతుంటే బామ్మగారు ఆపింది.

“ముక్క మీద ఎవరైనా భయంభయంగా రాస్తారు. లోపలికి రా.”

లోపల పెద్ద ఫ్రేము మీద తెల్లటి పట్టు పెళ్ళి దుపట్టా బిగించి ఉంది. ఓ చివర్నుంచి ఓ చివరికి తెల్లదారంతో సన్నటి తీగలు కుట్టి ఉన్నాయి. మనవరాలు మూడు నెలలుగా కుడుతున్నది అదేనని, మర్నాడే పెళ్ళివారికి ఇవ్వాలని నాకు తెలుసు.

“రాయి దీని మీద,” అంది బామ్మగారు.

నేను రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాను. “దీని మీద రాయనండీ.”

“నీ చేతుల మీద నీకే నమ్మకం లేదా?”

“ఉందండీ. కానీ ఇది ఈవిడ మూడు నెలల కష్టం. ఒక్క పోగు లేచినా పాడైపోతుంది. నాకు ఉద్యోగం రాకపోయినా ఫర్వాలేదు.”

గదిలో కుడుతున్నవాళ్ళ సూదులన్నీ ఆగిపోయాయి. మనవరాలు లేచి నా దగ్గరికొచ్చింది.

“చెయ్యివ్వండి.”

“పాడైతే?”

“పాడైతే నాది. ఇవ్వండి.”

నెల్లాళ్ళలో మొదటిసారి నా చెయ్యి పట్టుకుంది. అరచెయ్యి పట్టు మీద ఆన్చి, పైన తన చెయ్యి వేసి, మెల్లగా నడిపించింది. ఈ అంచు నుంచి ఆ అంచుదాకా, పట్టు మీద నీళ్ళు జారినట్టు జారింది నా చెయ్యి.

బామ్మగారు వంగి, భూతద్దం పెట్టి, ఆ దారంతా రెండుసార్లు వెతికింది. “ఒక్క పోగు కూడా లేవలేదు,” అంది.

గదిలో వాళ్ళందరూ చప్పట్లు కొట్టారు. ప్రపంచమంతా నేనే గెలిచినట్టుంది నాకు.

“మీకు పట్టు మీదే శ్రద్ధ కదా,” అన్నాను ఆమెకి మాత్రమే వినపడేలా. “మరి దుపట్టాని ఎందుకు పణంగా పెట్టారు?”

“ఆ రోజు అబద్ధం చెప్పాను,” అంది తలెత్తకుండా. “దుపట్టా పాడైతే మళ్ళీ కుడతాను. మీరు వెళ్ళిపోతే ఏం చెయ్యను?”

“నేనెక్కడికీ వెళ్ళను. మీరంటే నాకు చాలా ఇష్టం.”

“తెలుసు. ఆ మాట మీ నోటితో వినాలనే ఆగాను.”

బామ్మగారు భూతద్దం పక్కన పెట్టింది. “అబ్బాయీ, రేపట్నుంచి పనిలోకి వచ్చెయ్. ఇవాళ సాయంత్రం మీ అమ్మానాన్నల్ని ఓసారి మా ఇంటికి తీసుకురా.”

“ఉద్యోగానికి వాళ్ళెందుకు బామ్మగారూ?”

“ఉద్యోగం ఇచ్చేశానుగా. ఇది వేరే విషయం. పరీక్ష అయిపోయి ఇంతసేపయింది, మీరిద్దరూ ఇంకా చేతులు వదల్లేదు.”

కిందికి చూసుకున్నాం. నిజమే. గదంతా నవ్వుతోంది, ఆమె చెవులు మళ్ళీ ఎర్రబడ్డాయి, కానీ నా చెయ్యి మాత్రం వదల్లేదు.