పంపు ఎవరి దగ్గరుంది?

"నీకు సైకిల్ తొక్కడం వచ్చా?" అడిగాడు బాస్.

పిస్టల్ వచ్చా, పారాచూట్ వచ్చా అని అడిగితే ఏజెంట్ పదిహేడు నవ్వి ఊరుకునేవాడు. ఈ ప్రశ్నకి మాత్రం గొంతు సవరించుకున్నాడు.

"చిన్నప్పుడు తొక్కాను సార్."

"చాలు. మన ప్రొఫెసర్ సెలవు పెట్టి సైకిల్ టూర్‌కి బయల్దేరుతున్నాడు. సెక్యూరిటీ వద్దంటే వద్దన్నాడు. శత్రు క్షిపణుల్ని గాల్లోనే గుడ్డివాటిని చేసే డిజైన్ మొత్తం ఆయన బుర్రలో ఉంది. ఆ బుర్రని ఎత్తుకుపోవాలని ఒక విదేశీ ముఠా కాచుకుని కూర్చుంది. నువ్వు ఆయన నీడలా ఉండాలి. ఆయనకే కాదు, ఎవరికీ తెలియకూడదు."

"నాకు తోడు?"

"నీలి కళ్ళద్దాల ఫొటోగ్రాఫర్ ఒకామె వస్తుంది. మన మనిషే. 'గాలి ఎలా ఉంది?' అని అడుగు. 'ఎదురుగాలే, అయినా హాయిగా ఉంది' అంటుంది."

గాడ్జెట్ల ఇంజనీరు రెండే రెండు వస్తువులు ఇచ్చాడు. ఒకటి సైకిల్ బెల్లు, లోపల వైర్‌లెస్. రెండోది చేతిపంపు. టైరుకి తగిలిస్తే మామూలు పంపే, మూతిని ఒంటికి ఆనించి హ్యాండిల్ గట్టిగా నొక్కితే మాత్రం లోంచి మత్తు సూది దూసుకొస్తుంది.

"రెండు సూదులున్నాయి. తగిలినవాడు అక్కడికక్కడే నిద్రపోతాడు. గుండె జబ్బున్నవాళ్ళైతే మళ్ళీ లేవరు. జాగ్రత్త!"

ప్రొఫెసర్‌కి గుండె జబ్బుంది.

ఐదో రోజుని టూర్ వాళ్ళు విశ్రాంతి దినం అన్నారు. విశ్రాంతి అంటే లైట్‌హౌస్, పాత కోట, గాజు ఫ్యాక్టరీ చూడటం. వాటి మధ్య దూరమంతా మళ్ళీ సైకిలే. అప్పటికే పదిహేడుకి కూర్చునే చోటు కూర్చోవడానికి పనికిరాకుండా పోయింది. మోకాళ్ళు ఉబ్బి ఎవరివో తెచ్చి అతికించినట్టున్నాయి. జుట్టంతా తెల్లబడ్డ ప్రొఫెసర్ మాత్రం పాటలు పాడుకుంటూ ఎత్తులెక్కేవాడు. పదిహేడు వెనకబడితే చాలు, దిగివచ్చి వీపు మీద చెయ్యి వేసి తోసేవాడు.

"తొక్కవోయ్ అల్లుడూ! పైకెళ్తే భలే ఉంటుంది!"

కాపలా కాయాల్సినవాడు తోయించుకుంటున్నాడు. పదిహేడుకి తల కొట్టేసినట్టుండేది. కానీ ఆ చెయ్యి అంటే ప్రేమ కూడా పుట్టింది. ఈ పెద్దాయనకి ఏమన్నా అయితే తను బతికీ లాభం లేదనుకున్నాడు.

టూర్ లీడర్ విజిల్ మెడలో వేసుకున్న కండల మనిషి. ఆయన రూల్స్‌కి తిరుగు లేదు. ప్రతివాళ్ళకీ ఒక జత. జతని వదిలి కదలకూడదు. ఎవరి టైరు పోయినా అందరూ ఆగాలి. ప్రొఫెసర్‌కి జత నీలి కళ్ళద్దాలామె. ఆవిడ మీద పడితే దుమ్ము కూడా పౌడర్‌లా ఉండేది. కోడ్ తడుముకోకుండా చెప్పింది కూడా. పదిహేడుకి జత పిన్నిగారు. బ్యాంకులో పనిచేసి రిటైరైన ఆవిడ. బ్యాగు నిండా మందులే.

లైట్‌హౌస్ దగ్గర భోజనాలయ్యాక బెల్లు సన్నగా మోగింది. పదిహేడు హ్యాండిల్ మీదికి వంగి చెవి ఆనించాడు.

"నీలి కళ్ళద్దాలు అమ్ముడుపోయింది," అంది బాస్ గొంతు. "తెల్ల అంబులెన్స్. ఇవాళే. మనవాళ్ళు వచ్చేదాకా ఆపు."

అతని చెయ్యి పంపు కోసం తడిమింది. పంపు ఉండాల్సిన క్లిప్పు ఖాళీ.

"పిన్నిగారూ, నా పంపేదీ?"

"పొద్దున్న ఎవరో అడిగితే ఇచ్చాను బాబూ. సైకిళ్ళవాళ్ళ దగ్గర నీ పంపు నా పంపు అని ఉంటుందా?"

నిజంగానే ఉండదు. పుచ్చుకున్నవాడు ఇంకొకరికి ఇచ్చాడు. ఆ ఇంకొకరు ఎవరికిచ్చారో గుర్తులేదన్నారు. పదిహేడు తలెత్తి చూశాడు. లైట్‌హౌస్ పైన ప్రొఫెసర్ సముద్రం వైపు చెయ్యి చాపి ఏదో చెబుతున్నాడు. పక్కన నీలి కళ్ళద్దాలామె నవ్వుతోంది.

పదిహేడు మెట్లెక్కాడు. సగంలో రెండు మోకాళ్ళూ ఒకేసారి బిగుసుకుపోయాయి. అటు ఎక్కలేడు, ఇటు దిగలేడు. చివరికి లీడరూ ప్రొఫెసరూ చెరో రెక్కా పట్టుకుని మోసుకొచ్చారు.

"సార్, ఆవిడతో వెళ్ళకండి," అని ప్రొఫెసర్ చెవిలో బతిమాలాడు.

"అసూయా అల్లుడూ?" అని ఆయన పకపకా నవ్వాడు.

ఇక లాభం లేదని లీడర్ చెయ్యి పట్టుకున్నాడు. "నేను సీక్రెట్ ఏజెంట్‌ని."

లీడర్ అతని నుదురు తాకి చూశాడు. "వడదెబ్బ. వ్యాన్ ఎక్కించండి."

లగేజీ వ్యాన్‌లో, సంచుల మధ్య పడుకోబెట్టారు. జత కాబట్టి పిన్నిగారూ ఎక్కింది. తలుపు బయటి గడియతోనే తెరుచుకుంటుంది. సైకిల్ని టాప్ మీద కట్టేశారు. బెల్లు దానితోపాటే పైకి పోయింది.

కోట దారిలో విజిల్ మోగింది. వ్యాన్ ఆగింది. పదిహేడు వెనక అద్దానికి ముఖం ఆనించాడు. ప్రొఫెసర్ టైరులో గాలి లేదు. ఎవరు తీశారో అతనికి చెప్పక్కర్లేదు. రోడ్డు చివర తెల్లగా ఒక వాహనం మెల్లగా వస్తోంది.

ప్రొఫెసర్ నింపాదిగా సంచీలోంచి పంపు తీశాడు. అదే పంపు!

పంపులో దమ్ముందో లేదో చూడ్డానికి మూతికి బొటనవేలు అడ్డంపెట్టి ఒక్కసారి కొట్టడం సైకిల్ తొక్కే ప్రతివాళ్ళకీ అలవాటే. ప్రొఫెసర్ వేలు అడ్డంపెట్టాడు.

"వద్దూ!" పదిహేడు అద్దం మీద దబదబా బాదాడు.

"అంత నొప్పా నాయనా?" అని పిన్నిగారు మోకాలికి మలాం పట్టించింది.

"పెద్దవారు, మీకెందుకు శ్రమ? ఇలా ఇవ్వండి," అంటూ బయట నీలి కళ్ళద్దాలామె పంపు అందుకుంది. లీడర్ నడుం మీద చెయ్యి వేసుకుని చూస్తున్నాడు. ఆయన ముందు నాటకం రక్తికట్టాలి కదా! కళ్ళద్దాలు పైకి తోసుకుని, మూతికి వేలు అడ్డంపెట్టి, గట్టిగా ఒక్కటి కొట్టింది. వేలి వైపు ఆశ్చర్యంగా చూసుకుంది. ప్రొఫెసర్ భుజం మీదికి మెల్లగా ఒరిగిపోయింది.

పదిహేడుకి ఊపిరి వచ్చింది. అంతలోనే ఆగింది కూడా.

ఎవరూ పిలవకుండానే అంబులెన్స్ వచ్చేసింది. తెల్లకోట్ల వాళ్ళిద్దరు స్ట్రెచర్‌తో దిగి బిత్తరపోయారు. చుట్టూ టూర్ మొత్తం మూగి ఉంది.

"ఏం చూస్తున్నారయ్యా? ఎక్కించండి!" అని లీడర్ కసిరాడు. తమ మనిషిని తామే ఎక్కించుకున్నారు. "జతని వదలకూడదు. ప్రొఫెసర్ గారూ, మీరూ ఎక్కండి!" అన్నాడు లీడర్.

ప్రొఫెసర్ అంబులెన్స్ మెట్టు మీద కాలు పెట్టాడు. లోపలి నుంచి ఒక చెయ్యి ఆయన్ని అందుకోబోయింది.

పదిహేడు దగ్గర గన్ లేదు, పంపు లేదు, కాళ్ళు లేవు. ఏం చెయ్యాలో తెలియక చిన్నపిల్లాడిలా గావుకేక పెట్టాడు. కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి.

ప్రొఫెసర్ వెనక్కి తిరిగాడు.

"అయ్యో, మా అల్లుడికి నొప్పి ఎక్కువైనట్టుంది. ఉండండి బాబూ, వస్తాను."

మెట్టు దిగి, ఎత్తుల మీద దిగివచ్చినట్టే వచ్చి, వ్యాన్ గడియ తీశాడు. పదిహేడు ఆయన చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఇక వదల్లేదు. పిన్నిగారు ఆడతోడు తనుంటానంటూ కిందికి దిగబోయింది. తెల్లకోట్ల వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, తలుపేసుకుని ఉడాయించారు. రెండు మలుపుల అవతల మనవాళ్ళ జీపులు ఎదురయ్యాయట.

సాయంత్రం బెల్లు మోగింది.

"శభాష్ పదిహేడూ! ఒక్క సూదితో పని ముగించావు. రెండోది జాగ్రత్తగా దాచి పంపు తీసుకొచ్చెయ్."

పదిహేడు కుంటుకుంటూ పరిగెత్తాడు. "సార్, నా పంపు?"

"నాకెందుకోయ్, నా టైరు బాగైపోయిందిగా," అన్నాడు ప్రొఫెసర్. "ఎవరో అడిగితే ఇచ్చేశాను."