ఇరవై ఒక్క అడుగుల ఎదురుచూపు

తిండికి బదులు జబ్బకు పోషక కంకణం తొడుక్కుని పదేళ్ళు దాటినవారి పేగు ఎండుటాకులా చుట్టుకుపోతుందనీ, ఆపైన ఒక్క ముద్ద మింగినా అది చిట్లి, మూడోనాటికి నెత్తురుపోయి మనిషి దక్కడనీ కాకినాడలో అందరికీ తెలుసు. పిఠాపురంలో అరటిపండు తిని పోయిన పెద్దమనిషి కథ ప్రతి ఇంట్లోనూ ఉంది. కొన్ని ఇళ్ళలో ఆయన తిన్నది జామకాయ.

దయ్యాలనూ దుర్ముహూర్తాలనూ నమ్మని గవర్రాజు మాస్టారు ఈ ఒక్కమాటను మాత్రం నమ్మారు. నమ్మడమే కాదు, దానికి రూపం కూడా ఇచ్చారు. వైద్య కళాశాలలో శరీర నిర్మాణశాస్త్రం చెప్పి రిటైరయ్యాక, బీచి రోడ్డులో ఆయన నడుపుతున్న 'జీర్ణమందిరం' అనే ప్రదర్శనశాలలో చిన్నపేగు దాటాక వచ్చే గదిలో రెండు గాజుపెట్టెలున్నాయి. ఒకదాంట్లో నున్నగా, గులాబిరంగులో 'పూర్వపు పేగు'. రెండోదాంట్లో కాగితపు గుజ్జుతో చేసి ఎండబెట్టిన 'నేటి పేగు'. బడిపిల్లలు నోటిగుహలోంచి ప్రవేశించి, ఆహారవాహికలో జారి, జీర్ణాశయంలో ఒకసారి గెంతి, చిన్నపేగు వెంట నడిచి అక్కడికి చేరేవారు. "మన తాతలు నోటితో నమిలేవారట" అని నవ్వుకుంటూ పెద్దపేగు ద్వారా బయటపడేవారు.

ఆ మధ్యాహ్నం పిల్లలెవరూ లేరు. మాస్టారి భార్య మాణిక్యాంబ చిన్నపేగులో చాపమీద కూర్చుని చినుగులు కుట్టుకుంటోంది. ఆ పేగు ఆమె చేతిపనే. ఇరవై ఒక్క అడుగుల పొడవునా లోపలివైపు టర్కీ తువ్వాళ్ళు కుట్టింది. ఆహారసారాన్ని పీల్చే ఆంత్రచూషకాలు ఎలా ఉంటాయని ఆమె అడిగితే, మాస్టారు తుడుచుకుంటున్న తువ్వాలును తిరగేసి దాని నూలు ఉచ్చులు చూపించారు. ఆ రోజునుంచీ ఆ ఇంట్లో ఒళ్ళు తుడుచుకోవడానికి తువ్వాలు మిగల్లేదు.

కంకణాల పరిచారిక సత్యవేణి నెలవారీ రసగుళిక మార్చడానికి వచ్చి మాణిక్యాంబ జబ్బమీది కంకణాన్ని, ఆ వెండిపట్టీని, విప్పింది. ఆ పట్టీ చర్మం గుండా పోషకాలను నేరుగా నెత్తురులోకి పంపుతుంది. నరం గుండా మెదడుకు 'తృప్తి' అనే సంకేతాన్నీ పంపుతుంది. పట్టీ వచ్చి ఇరవై రెండేళ్ళయింది. ఊళ్ళో హోటళ్ళు పోయాయి, ఇళ్ళలో వంటగదులు పోయాయి. కరువు కూడా పోయింది. ఆ మాట మాస్టారు ఎప్పుడూ మరవకుండా చెప్పేవారు.

గుళిక బిగిస్తూ సత్యవేణి ఉలిక్కిపడి, పక్కనే ఉన్న మాస్టారివైపు తిరిగింది. "ఏంటండీ ఆ చప్పుడు? మాస్టారూ, బొమ్మపేగులో చప్పుళ్ళు చేసే యంత్రం ఆపలేదా?"

"యంత్రం కాదే, నా కడుపు" అంది మాణిక్యాంబ దారం కొరుకుతూ.

"అయ్యబాబోయ్! అంతమాట అనకండి మామ్మగారూ. పిఠాపురంలో అరటిపండు తిన్నాయనకి ముందుగా ఇలాగే చప్పుడైందంట."

"ఎవరు విన్నారే?"

"మా తోటికోడలి మేనమామ."

"ఆయనది పిఠాపురమా?"

"కాదండీ, తుని."

మాణిక్యాంబ నవ్వాపుకుంది. సత్యవేణి వెళ్ళిపోయాక భర్తవైపు తిరిగింది. "ఏమండీ, ఆ గాజుపెట్టెలో ఎండిన పేగు పెట్టారు కదా. దాన్ని మీరెక్కడ చూశారు?"

కంకణాలు వచ్చిన ఏడాదే కళాశాలలో శవచ్ఛేదం మానేసి తెరమీద బొమ్మలు చూపించడం మొదలుపెట్టారు. ఆ తర్వాత మాస్టారు ఏ పేగునూ కళ్ళారా చూడలేదు. నమూనాకు ఆధారం కంకణాలు తయారుచేసే పోషకమండలివారు పంచిన కరపత్రంలోని ఒక బొమ్మ. ఆ బొమ్మ గీసినవారికి ఆధారం ఏమిటో ఆయన అడగలేదు. ముప్పై ఏళ్ళపాటు విద్యార్థులకు "చూడందే రాయకండి" అని చెప్పిన మనిషి.

"చూడలేదు" అన్నారాయన.

"పోనీ, వినండి."

మాస్టారు బీరువా అడుగునుంచి స్టెతస్కోపు తీసి, ఆమె పొట్టకు కుడివైపు, ఉండుకం ఉండే చోట ఆనించారు. మొదట ఏమీ లేదు. కాసేపటికి చాలా దూరంగా గుడగుడమంటూ ఒక అల పైనుంచి కిందికి సాగిపోయింది. వాచీ చూసుకున్నారు. గంటన్నరకు మళ్ళీ అదే అల. సాయంకాలం దాకా ఆ చాప దిగకుండా కూర్చుని, వచ్చిన ప్రతి అలకూ టైము రాసుకున్నారు.

అది ఆయనకు తెలియని సంగతి కాదు. ఖాళీగా ఉన్నప్పుడు పేగు గంటన్నరకో రెండు గంటలకో ఒకసారి తనను తానే ఊడ్చుకుంటుంది. కంకణం తృప్తి అని చెప్పింది మెదడుకు. పేగుకు ఎవరూ ఏమీ చెప్పలేదు. ఎవరూ అడుగుపెట్టని వాకిలిని అది ఇరవై రెండేళ్ళుగా ఊడుస్తూనే ఉంది.

"నాకు ఒక్కసారి ఆకలేస్తే బాగుండును" అంది మాణిక్యాంబ. "తిండి కోసం కాదు. మధ్యాహ్నం పన్నెండైతే ఏదో ఒకటి కావాలనిపించేది చూడండి, అది. ఇప్పుడు ఏ వేళైనా ఒకటే. కంకణం తీసేసి కాస్త గంజి మింగి చూస్తాను."

మాస్టారు పోగొట్టుకున్నది వేరు. పూర్వం ఆయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేటప్పుడు ఆమె గరిటె పట్టుకుని నిలబడి, ఆయన ముఖంలోకి చూసేది. "ఉప్పు సరిపోయిందా?" అనేది. నాలుగు క్షణాలు, అంతే. రోజుకు రెండుసార్లు ఈ లోకంలో ఒక మనిషి తన ముఖాన్ని అంత శ్రద్ధగా చదివేది. కంకణం వచ్చాక భోజనాల బల్ల నమూనాలకు పనికొచ్చింది, కుర్చీలు కిటికీవైపు తిరిగాయి. వాళ్ళకు తగువేమీ లేదు. ఎదురెదురుగా కూర్చోవడానికి కారణం లేకుండా పోయింది, అంతే.

"ప్రమాదం, మాణిక్యం."

"అది మీకు తెలిసిన సంగతా, మీ భయమా?"

"భయమే" అన్నారాయన నిజాయితీగా. "కావాలంటే ముందు నేను తాగి చూస్తాను."

"మీకేదైనా అయితే కడుపులో ఏది ఎక్కడుందో నేను వెతుక్కోవాలి. నాకైతే చూడ్డానికి మీరున్నారు."

మర్నాడు ఆయన పూజాద్రవ్యాల దుకాణానికి వెళ్ళి, పసుపు కలపని అక్షతలు పావుకిలో అడిగారు. బియ్యం అక్కడ తప్ప మరెక్కడా అమ్మరు. "పసుపు లేనివా? ఏ వ్రతానికి మాస్టారూ?" అని దుకాణదారు ఆశ్చర్యపోయాడు. బియ్యంతో గంజి కాచి, పెరట్లో అందం కోసం పెంచుకుంటున్న ఎర్ర తోటకూర నాలుగు ఆకులు ఉడికించి, ఆ ఎర్రనీళ్ళు గంజిలో కలిపారు. మింగింది లోపలే నిలిచిపోతోందో, చివరిదాకా ప్రయాణిస్తోందో ఆ రంగు చెబుతుంది. బీకరుతో కొలిచారు, ఉప్పు త్రాసులో తూచారు. మాణిక్యాంబ కంకణం విప్పి కిటికీలో పెట్టింది.

మొదటి చెంచా ఆమె నోట్లో పోసి, మాస్టారు గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

ఆమె చాలాసేపు మింగలేదు. ఆ తర్వాత గొంతు కదిలింది. కళ్ళెత్తి చూసింది. "ఏంటలా చూస్తున్నారు?"

"ఉప్పు సరిపోయిందా?"

ఆ మాట ఎవరిదో ఇద్దరికీ గుర్తుంది. మాణిక్యాంబ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఎక్కువేశారు" అంది. "త్రాసుతో తూస్తే అలాగే ఏడుస్తుంది. ఇంకో చెంచా పొయ్యండి."

మొదటి రోజు నాలుగు చెంచాలు, రెండో రోజు అరగ్లాసు, సాయంత్రానికి ఒక గ్లాసు. నాడి, జ్వరం, కడుపు చప్పుడు, అన్నీ నోటుపుస్తకంలో ఎక్కాయి. ఊళ్ళో కథ ఎంత బలమైనదో మాస్టారికి ఆ రెండు రోజుల్లో తెలిసివచ్చింది. తాను చూడని అరటిపండు మనిషి పోలికలు కూడా ఆయనకు మాణిక్యాంబ ముఖంలో కనిపించసాగాయి.

మూడోనాటి ఉదయం స్నానాలగది నుంచి ఆమె పిలిచింది. "ఏమండీ, మీ మందిరంలో పెద్దపేగు వాకిలి కూడా తెరుచుకుంది!"

నవ్వుతూ వెళ్ళిన మాస్టారు ఎరుపు చూసి గుమ్మంలోనే వెనుదిరిగారు. పరుగున వెళ్ళి, కిటికీలోంచి కంకణం తెచ్చారు. "చెయ్యి ఇటివ్వు. మాణిక్యం, చెయ్యి ఇవ్వు, తొడిగేస్తాను. నెత్తురు. నా మాట విను."

"తోటకూర పోసింది ఎవరండీ?"

"నాలుగు ఆకులకు ఇంత రంగా? ఇది నెత్తురే. నేనే చంపుకున్నాను నిన్ను."

ఆమె ఆయన చేతిలోని కంకణాన్ని పక్కనపెట్టి, నోటుపుస్తకం తెచ్చి మొదటి పేజీ పైకి చదివింది: "అనుమానం వస్తే సున్నపు తేట వేసి చూడవలెను." మూసి ఆయన చేతికిచ్చింది. "ఇది రాసినాయన ఎక్కడికి వెళ్ళాడు? పిఠాపురమా?"

నమూనాలకు పూసే సున్నం తొట్టిలో తేట పైకి తేలి ఉంది. మాస్టారు ఆ ఎర్రనీరు కొంచెం గాజుపలకమీద తీసుకుని, కిటికీ దగ్గర వెలుతురులో పెట్టారు. మాణిక్యాంబ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. పలకను చూడలేదు, ఆయన ముఖంలోకి చూస్తోంది.

"చెప్పండి త్వరగా" అంది. "ఆకలేస్తోంది."

ఆయన ఒక చుక్క వేశారు. అంచునుంచి మొదలై రంగు మారింది.

"ఇదేంటండీ, పసుపులో సున్నం వేస్తే ఎర్రబడాలి గాని, ఎరుపు పసుపైపోయింది?" అంది మాణిక్యాంబ పలకవైపు వంగి.

మాస్టారు పెన్ను తీసి టైము వేశారు. దాని కింద ఒక్క వాక్యం రాశారు.

తోటకూర ఎరుపు సున్నానికి పసుపవుతుంది, నెత్తురైతే గోధుమరంగు తిరిగేది; కనుక ఇది నెత్తురు కాదు.