పలకల మీద దుప్పట్లు

నాకు అన్నిటికంటే పెద్ద భయం కరెంటు పోవడం. పుట్టిన మూడోరోజే నా బాబుకు కామెర్లు వచ్చాయి. నాచారంలోని ఈ ఆస్పత్రిలో, కళ్లకు గంతలతో నీలం లైటు కింద పడుకున్నాడు. ఆ లైటు ఆరితే నాకు ఊపిరి ఆడదు.

గేటు మీద 'హరిత ఆస్పత్రి' అని కొత్త బోర్డు పెట్టారు. పిల్లల వార్డు కిటికీ కింద పొగ కక్కే డీజిల్ జనరేటర్‌ను తీసేసి, టెర్రస్ నిండా సోలార్ పలకలు పరిచారు. ఆరోజు డైరెక్టర్ అచ్యుతరావు గారు పర్యావరణం మీద గంటసేపు మాట్లాడారట. అంతసేపూ ఆయన కారు ఏసీ ఆన్‌లోనే ఉందట.

ఆ పలకలు పెట్టిన ఇంజనీరు తేజేష్, కాకినాడ అబ్బాయి. అతను కనిపిస్తే నర్సు దీపకు ఒళ్లు మంట. వీళ్ల కొట్లాటే నాకిక్కడ కాలక్షేపం.

మొన్న సాయంత్రం కరెంటు పోయింది. కాసేపటికే బ్యాటరీ కూడా చేతులెత్తేసింది. నీలం లైటు ఆరిపోయింది.

"ఏంది సార్, గిదేనా నీ సూర్యుడు?" దీప నిలదీసింది.

"పొద్దున చూశానండీ, అన్నీ బాగానే ఉన్నాయి."

"పొద్దున గాదు, ఇప్పుడు సూడు! పిల్లగాడు చీకట్ల పండిండు."

"మీ కోపంతో చార్జయ్యే బ్యాటరీ ఇంకా రాలేదండీ."

నేను ఏడుస్తూనే నవ్వాను. ఇంతలో కరెంటు వచ్చింది, అచ్యుతరావు గారూ వచ్చారు. ఇంకొక్కసారి ఇలా జరిగితే జనరేటర్ వెనక్కి వస్తుందని, తేజేష్ ఇంటికి పోతాడని తేల్చేశారు. దీప ముఖం పాలిపోయింది. ఎందుకని నేను అడగలేదు.

నిన్న మిట్టమధ్యాహ్నం తేజేష్ టెర్రస్ ఎక్కాడు. దిగేటప్పుడు అతని భుజం మీద తడి దుప్పట్లు ఉన్నాయి.

"వీటిని పలకల మీద ఎవరు ఆరేశారండీ?"

"నేనే ఆరేయించిన. కరెంటు ఆదా అని బట్టలారబెట్టే మిషన్ బంద్ పెట్టిన్రు. దండెం తాళ్లేమో నువ్వు పీకించినవ్. పిల్లల దుప్పట్లు నీ నెత్తి మీద ఆరేయాల్నా?"

"దుప్పట్లు కప్పితే పలకలకు ఎండెలా తగులుతుందండీ?"

దీప నాలుక కరుచుకుంది. "పెద్దసారుకు జెప్తవా?"

"చెప్పను. కొత్త దండెం కట్టాలి, ఒక కొస పట్టుకుంటారా?"

ఇద్దరూ పైకి వెళ్లారు. ఒక్క దండెం కట్టడానికి అంతసేపా అని మా అత్త శారదమ్మ ముసిముసిగా నవ్వింది.

సాయంత్రం మళ్లీ కరెంటు పోయింది. నీలం లైటు మాత్రం వెలుగుతూనే ఉంది. నేను కళ్లు తుడుచుకుంటుంటే తేజేష్ దీపతో మెల్లగా అన్నాడు, "ఉద్యోగం పోతుందని కాదండీ, మీ తిట్లు వినపడని ఊరికి పోవాల్సొస్తుందని భయపడ్డాను."

"గట్లనా? నాకు జెప్తే ఏమొస్తది? పిల్లనడిగెటోడు ఇంటికొచ్చి మా నాయిననడగాలె."

ఇవాళ ఆదివారం. దీప నాన్న కొమురెల్లి గారు ఫ్యాక్టరీ కార్మికుడు. కోపమూ మర్యాదా రెండూ ఎక్కువేనట. ఉప్పల్ బస్టాండు వెనక వీధిలో వాళ్లింటికి, స్వీటు డబ్బాతో పొద్దుననగా వెళ్లాడు తేజేష్. ఇంకా తిరిగి రాలేదు. ఫోనూ ఎత్తడం లేదు.

"నాకేం ఫికర్?" అంటూనే దీప నా బాబుకు మళ్లీ మళ్లీ జ్వరం చూస్తోంది.

ఆమెకు డ్యూటీ, నాకు బాబు. మీలో ఎవరైనా అటువైపు వెళితే ఆ ఇంట్లోకి ఒక్కసారి తొంగిచూడండి. ఆ అబ్బాయికి మటన్ కూర వడ్డించారో, చెప్పు చూపించారో కనుక్కుని, వచ్చి దీపకు చెప్పండి.