లైట్‌కు వ్యతిరేక పదం

హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్ ఎదుట ఉన్న టీ కొట్టు దగ్గర, బుధవారం పొద్దున పదకొండు గంటలకు ఓబులేసు చనిపోయాడు. కాళ్ల దగ్గర టీ గ్లాసు పగిలి పడివుంది. గుండెపోటు అనుకున్నారు చుట్టూ చేరినవాళ్లు. ఊరి దృష్టిలో అతను పట్టుగూళ్ల బ్రోకరు. ఇంటెలిజెన్స్ విభాగం రికార్డుల్లో మాత్రం ఏజెంట్ నంబర్ పద్నాలుగు.

అతని చొక్కా బొత్తాంలో దాచిన మైక్రో రికార్డర్ చివరి మాటలను పట్టుకుంది. గ్లాసుల చప్పుడు మధ్య ఒక మగ గొంతు, "లైట్?" అని అడిగింది. ఓబులేసు, "డార్క్," అన్నాడు. ఇరవై సెకన్ల తరువాత గ్లాసు పగిలింది.

మరునాడు పెనుకొండ స్టేషన్ దగ్గర ఆపిన వ్యానులో కూర్చుని శైలజ ఆ రికార్డింగును మూడుసార్లు విన్నది. ఆమెకు ముప్పై ఆరేళ్లు. పన్నెండేళ్లుగా విభాగంలో ఇతరుల ఫోన్లు వినడమే ఆమె పని. ఫీల్డుకు రావడం ఇదే మొదలు. ఆ పొద్దున రైలు దిగుతుండగా పట్టుబడిన విదేశీ ముఠా కొరియర్ కూడా దాదాపు ఆమె వయసుదే, ఆమె ఎత్తుదే. అందుకే శైలజను పిలిపించారు. కొరియర్ నోరు విప్పలేదు. ఆమె దగ్గర దొరికింది ఒక ఆకుపచ్చ హ్యాండ్‌బ్యాగు మాత్రమే.

ఆపరేషన్ చీఫ్ రామాంజనేయులు బ్రీఫింగ్ రెండు నిమిషాల్లో ముగించాడు. రక్షణ శాఖ పరీక్షా కేంద్రం నుంచి రాడార్ కోడ్‌లు దొంగిలించారు. వాటిని గోరంత చిప్‌లోకి ఎక్కించి, ధర్మవరంలోని ఒక చీరల కొట్టులో, పట్టుచీర కొంగు కుచ్చులో దాచారు. సాయంత్రం రైలుకు ఆ చీర కదిలిందంటే తెల్లారేసరికి దేశం దాటిపోతుంది. ఆ కొట్టు యజమాని వీరేష్ కొరియర్‌ను ఎన్నడూ చూడలేదు, వయసూ ఎత్తూ మాత్రం విని ఉంటాడు. ఆకుపచ్చ బ్యాగు ఒక గుర్తు, పాస్‌వర్డ్ రెండో గుర్తు. అతను ఒక ఇంగ్లీషు మాట అంటాడు, వచ్చినవాళ్లు దాని ఆపోజిట్ చెప్పాలి. ముఠా మనిషినని నమ్మించబోయి ఓబులేసు దొరికిపోయాక కూడా ఆ మాట మార్చే వీలు ముఠాకు లేదు. దారిలో ఉన్న కొరియర్ దగ్గర ఫోన్ ఉండదు.

"డార్క్ తప్పని ఓబులేసు ప్రాణం పెట్టి చెప్పాడు. కాబట్టి హెవీ," అన్నాడు రామాంజనేయులు.

"లైట్‌కు ఆపోజిట్లు రెండేనా సార్?"

డిక్షనరీ చూసే టైము లేకపోయిందని అతను ఒప్పుకున్నాడు. కొట్టులో తనూజ అనే చీరల డిజైనర్ ఉంటుందని, ఆరు నెలలుగా ముఠా కబుర్లు విభాగానికి చేరవేస్తోందని, అయినా ఆమెను పూర్తిగా నమ్మవద్దని హెచ్చరించాడు. శైలజ చేతికి ఒక గాజు తొడిగాడు. దానిలో పొదిగిన రాయి నొక్కితే బయట ఉన్న టీముకు సిగ్నల్ వెళ్తుంది.

ధర్మవరం దారిలో శైలజ ఫోన్లో డిక్షనరీ తెరిచింది. రంగు లేతదైతే డార్క్. బరువు తక్కువైతే హెవీ. నిద్ర అయితే డీప్. చదివే పుస్తకమైతే సీరియస్. శిక్ష అయితే సివియర్. ఊరు దగ్గరపడేసరికి తొమ్మిది మాటలయ్యాయి. వాటిలో బతికించేది ఒక్కటే. ఫోన్ ఆపేసింది.

కొట్టు కొనుగోలుదారులతో నిండి ఉంది. లోపలికి అడుగుపెట్టగానే సేల్స్‌మన్ ఎదురొచ్చాడు.

"లైట్‌లో చూపించల్లా మేడమ్?"

శైలజ హెవీ అనబోయి పెదవి కొరుక్కుంది. అతను మామూలుగా లేతరంగు చీరలు తీసి ముందు పరిచాడు. అతనికి ఏమీ తెలియదు.

కాసేపటికి యాభై ఏళ్ల మనిషి ఒకడు వచ్చి సేల్స్‌మన్‌ను పంపేశాడు. వీరేష్. ఆకుపచ్చ బ్యాగు మీద చూపు నిలిపి, యాన్నుంచి వస్తాండారని అడిగాడు. పెనుకొండ అని చెప్పింది. అతను బీరువా తెరిచి, జరీ నిండిన ఎర్రచీర ఒకటి తీసి రెండు చేతులతో పట్టుకున్నాడు. కౌంటర్ పక్కన నల్లచీరలో, ఎర్రటి లిప్‌స్టిక్‌తో కూర్చున్న స్త్రీ గోళ్లు చూసుకుంటోంది. ఆమే తనూజ అయివుండాలి. గుమ్మంలో టీ మనిషి రెండు ఫ్లాస్కులతో నిలబడ్డాడు.

"లైట్?" అన్నాడు వీరేష్.

అంత బరువైన చీర అతని చేతుల్లోనే ఉంది. హెవీ అన్న మాట శైలజ నాలుక చివరికి వచ్చేసింది. కానీ అతని కళ్లు చీర మీద లేవు. టీ మనిషి మీద ఉన్నాయి. వాడు గ్లాసులో పోయకుండా ఆమె జవాబు కోసమే ఆగి ఉన్నాడు. ఓబులేసు కూడా టీ కొట్టు దగ్గరే పోయాడు. రికార్డింగులో గ్లాసుల చప్పుడు ఉంది. పదిమంది మధ్య ఏ అనుమానమూ రాకుండా అడగగలిగే లైట్ ఒకటే ఉంది.

"స్ట్రాంగ్," అంది శైలజ.

వీరేష్ ముఖంలో ఏ మార్పూ లేదు. టీ మనిషి ఒక ఫ్లాస్కు వంచి గ్లాసు నింపి ఆమె ముందు పెట్టాడు. ఓబులేసుకు పోసింది ఏ ఫ్లాస్కులోనిదో ఆమెకెలా తెలుస్తుంది?

"తాగు తల్లీ. సల్లారిపోతాది," అన్నాడు వీరేష్.

తాగకపోతే దొరికిపోతుంది. తాగితే ఏమవుతుందో తెలియదు. శైలజ గ్లాసు ఎత్తింది. అది పళ్లకు తగిలి టకటకమంది. ఒక గుక్క మింగి లోపల అంకెలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. పది. పదిహేను. ఇరవై. ముప్పై దాటినా ఊపిరి ఆడుతూనే ఉంది. వీరేష్ నవ్వి, చీరను ఆమె చేతుల్లో పెట్టాడు.

అప్పుడే కౌంటర్ మీద ఫోన్ మోగింది. తనూజ ఎత్తి విన్నది. శైలజను ఒక్కసారి చూసింది. "రాంగ్ నంబర్," అని పెట్టేసింది.

వెంటనే మళ్లీ మోగింది. ఈసారి వీరేష్ అందుకున్నాడు. అవతలివాడి గొంతు శైలజకు కూడా లీలగా వినబడింది. పొద్దున పెనుకొండలో దిగిన ఆడమనిషిని పోలీసులు పట్టుకుపోయినారని చెప్తున్నాడు. వీరేష్ ఎడమచెయ్యి మెల్లగా కౌంటర్ కిందికి వెళ్లింది. శైలజ గాజు రాయి నొక్కింది. ఏమీ జరగలేదు. మళ్లీ నొక్కింది. కౌంటర్ కింది నుంచి పిస్టల్ పైకి వచ్చింది.

తను ఏం చేస్తోందో ఆమెకే తెలియలేదు. చేతిలోని చీర మడత విప్పి అతని చేతి మీదికి విసిరేసింది. అదే క్షణంలో తనూజ స్టూలుతో అతని మోచేతి మీద కొట్టింది. గుండు పట్టులోంచి దూసుకుపోయి సీలింగులో దిగింది. అద్దం దగ్గర పెళ్లిచీరలు చూస్తున్న కుటుంబం మొత్తం లేచి దూకింది. వాళ్లంతా విభాగం మనుషులే. పెళ్లికొడుకు తండ్రి వేషంలో ఉన్న ఏజెంట్ జయచంద్ర వీరేష్‌ను నేలకు అదిమిపట్టాడు. టీ మనిషి వీధి దాటకముందే దొరికాడు. చీర కొంగు శైలజ గుప్పిట్లోనే ఉంది. కుచ్చు విప్పి చూస్తే చిప్ చెక్కుచెదరలేదు.

కొనుగోలుదారులు ఎప్పుడో బయటికి పరుగెత్తారు. శైలజ చీరలు పరిచే పరుపు మీద కూలబడింది. పక్కన ఇంకెవరో కూర్చుని ఉన్నట్టు అప్పుడు గమనించింది. చీర కొనడానికి రొద్దం నుంచి వచ్చిన దొడ్డమ్మ అనే ముసలావిడ. మోకాళ్ల నొప్పులతో లేవలేక, జరిగిందంతా అక్కడినుంచే చూసింది. ఆమె శైలజ చెయ్యి పట్టుకుని చూసి, మంచులా ఉండాదే, భయపడినావా అని అడిగింది.

"అవునవ్వా. చాలా భయపడినా."

ఆ రోజంతా శైలజ తన గురించి ఎవరితోనైనా నిజం చెప్పింది ఆ ఒక్కసారే.

దొడ్డమ్మ ఎర్రచీరలో పడిన తూటులోకి వేలు పెట్టి చూసింది. జాలిగా శైలజ వీపు నిమిరింది.

"ఇంతదానికి భయమెందుకమ్మా. తూటు పడింది ఒక్కదానికే కదా. అంగట్లో చీరలు ఇంకా శానా ఉండాయి."