ఖాళీ అయిన చోటు

పుంగనూరు దాటి మదనపల్లె పోయే దోవలో, రోడ్డుకు కాస్త ఎడంగా ఒక పాత షెడ్డు ఉండాది. ఒకప్పుడు ఆడ పట్టుగూళ్ళు ఉడకబెట్టి దారం తీస్తా ఉండినారు. పని నిలిచిపోయి చానా కాలమైంది... అయినా పొద్దు గూకితే ఆ పక్క పోయేటోళ్ళు అడుగు జోరు చేస్తారు.

లోపలినుంచి పేరు పెట్టి పిలుస్తాదంట. ఒక్కసారే. మనిషైతే ఇంకోసారి పిలుస్తాడు — అది పిలవదు. అందుకే ఆ సుట్టుపక్కల పల్లెల్లో ఎవరూ మొదటి పిలుపుకు పలకరు.

ఆ షెడ్డు అరుగు మీదికే హరిత పోవాల్సి వచ్చింది. వాళ్ళ పల్లెకు సెల్లు సిగ్నలు నిలకడగా దొరికేది ఆడే మరి.

హరిత ఇంట్లోంచే, వచ్చీపోయే సిగ్నలుతోనే, బెంగుళూరు కంపెనీకి పని చేసే పిల్ల. వెబ్ పేజీలు సరిగ్గా నడుస్తాండాయా లేదా అని పరీక్ష పెట్టే పని. ఆ పిల్ల నాయన గురప్పకు కిడ్నీలు చెడిపోయినాయి. డయాలిసిస్ చేయించుకునే కాడ మిషను ఆగిపోయింది. కాళ్ళు ఉబ్బినాయి, ఆయాసం పట్టుకునింది. ఈ రాత్రి లోపల చేయించకుంటే మనిషి దక్కడని డాక్టరు చెప్పేసినాడు.

మదనపల్లె ఆస్పత్రిలో మంచాలన్నీ నిండిపోయినాయి. రావాల్సినోళ్ళు ఎవరైనా రాకపోతే, చోటు ఖాళీ అయిందని ఆస్పత్రి పేజీలో ఒక మూలన చిన్న చీటీ మెరుస్తాది... మిణుగురు మాదిరి. అక్షరం కూడబలుక్కునే లోపల మాయం.

"యాలమ్మా దానికంత తొందర?" అనింది అవ్వ సిద్దమ్మ. మనవరాలి దగ్గర కూచోని ముసలితనంలో అచ్చరాలు నేర్చిన మనిషి ఆమె. "నేనింకా 'చో' కాడ వేలు పెట్టి ఉండంగానే పారిపోయిందే! అచ్చరాలకు గూడా కాళ్ళొచ్చినాయా?"

"నీకే కాదవ్వా, నాకూ అందడంలే. అందుకే ఆ పేజీని కనిపెట్టుకోని ఉండేదానికి కంప్యూటర్లో స్క్రిప్టు రాసినా. అది రెప్ప కొట్టదు. చీటీ పేజీలో అడుగు పెట్టంగానే పట్టుకుంటాది... గట్టిగా సదువుతాది... ఒప్పుకుంటామని బటను నొక్కేస్తాది."

సిద్దమ్మ ముఖం వాడిపోయింది. "అంటే... మొదటి పిలుపుకే పలుకుతాదన్నమాట. ఆ షెడ్డు కాడ..."

"అవ్వా, అది కంప్యూటరు!"

సిద్దమ్మ లేసి పోయి, కొడుకు నుదుటన ఇంత విబూది పెట్టి పంపింది.

దీపాలు పెట్టే వేళ. చోటు దొరికితే అట్లే పోయేదానికని గురప్పను మునిరత్నం ఆటోలో కూచోబెట్టి, షెడ్డు ముందర నిలిపినారు. హరిత ల్యాప్‌టాప్ అరుగు మీద పెట్టి స్క్రిప్టు నడిపింది. బ్రౌజరు దానంతట అదే తెరుచుకునింది... ఆస్పత్రి పేజీ వచ్చింది... ఇంక ఎదురుచూపే.

"అమ్మణ్ణీ, నీ మిషను దెయ్యాన్ని గూడా పట్టుకుంటాదా?" అన్నాడు మునిరత్నం, నవ్వు రాని నవ్వు నవ్వి.

"ముందు చోటు పట్టనీలే అన్నా."

గాలి లేదు. పురుగు కూత గూడా లేదు. గురప్ప దాహమన్నాడు. నీళ్ళు ఎక్కువ తాగకూడదు, నాలుక తడిపితే చాలని హరిత బాటిలు తీసుకోని ఆటో కాడికి వచ్చింది.

అప్పుడు — షెడ్డు దిక్కునుంచి —

"గురప్పా... చోటుంది. వస్తావా?"

ఆడగొంతు. మెత్తగా, తెలిసిన మనిషి పిలిచినట్లు.

గురప్ప ముఖం వెలిగిపోయింది. "ఆఁ... వస్తాండా, వస్తాండా!"

చీటీ వచ్చిందని హరిత బాటిలు పడేసి పరిగెత్తింది. అరుగు చేరకముందే ల్యాప్‌టాప్ గట్టిగా సదివింది — "గురప్ప గారూ, మీకు డయాలిసిస్ చోటు ఖాళీగా ఉంది. వస్తారా?"

తెర మీద బటను అదే నొక్కుకునింది. చోటు ఖాయమైందని పచ్చగా వచ్చింది.

"అన్నా, దొరికింది! పోనీ!"

ఆటో రోడ్డెక్కింది. హరితకు కన్నీళ్ళు ఆగలేదు. నాయన పక్కన కూచోని, ల్యాప్‌టాప్ ఒడిలో పెట్టుకోని, స్క్రిప్టు ఎన్ని చీటీలు పట్టిందో చూసింది.

ఒక్కటే.

మళ్ళీ చూసింది... ఒక్కటే. సదివింది గూడా ఒక్కసారే. ఆ పేజీ ఎవరినీ 'గారు' లేకుండా పిలవదు. 'వస్తావా' అని అడగదు.

మరి ముందు పిలిచింది...

హరిత ల్యాప్‌టాప్ మూసి మెల్లగా అడిగింది. "నాయనా... మొదట పిలిచినప్పుడు నువ్వు పలికితివి కదా... ఎవరనుకోని పలికితివి?"

గురప్ప తనకు అవతలి పక్క ఖాళీ సీటు దిక్కు చూసి, పెద్దమనిషికి మర్యాద చేసినట్లు పంచె సర్దుకున్నాడు. మోచేత్తో కూతుర్ని మెల్లగా నెట్టినాడు.

"కొంచెం జరుగు తల్లీ... పాపం, ఈమెకు చోటు సాల్లేదు."