డెస్ షెడ్డులో ఆకుపచ్చ వెలుగు

ఆస్ట్రేలియాలోని గ్రాఫ్టన్‌లో ఆ సందు వైపు పొద్దుగూకాక కుక్కల్ని కూడా తిప్పేవాళ్లు కాదట. సందు చివర డెస్ షెడ్డు. డెస్ పోయి ఎనిమిది నెలలు... అయినా రోజూ చీకటి పడగానే ఆ కిటికీలో ఆకుపచ్చ వెలుగు. నాచు నీళ్లలోంచి చూస్తున్నట్టు, అదో జబ్బు రంగు. తలుపుకు తాళం. లోపల మనిషి లేడు.

అందరికన్నా ఎక్కువ భయపడింది డెస్ భార్య నోలీన్. ఆ వెలుగు సంగతి ఆమెకే తెలుసు మరి.

పెళ్లయిన ఏడాది నాటుకున్న ఊదా పూల జకరండా చెట్టు వరదలో పడిపోతే ఆమె వారం రోజులు ఏడ్చింది. "ఊరుకోవే పిచ్చిదానా. చెట్టు తేలేను గానీ, ఆ పూల రంగు తెచ్చిస్తా" అన్నాడు డెస్. బఠాణీ గింజంత బల్బులో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ ఉంటాయి. ఏది ఎంత వెలగాలో అంకెల్లో చెబితే, మూడూ కలిసి కొత్త రంగు పుడుతుంది. ఆర్నెల్లు పాత బల్బుల మీద ఆ అంకెలతోనే కుస్తీ పట్టాడు. చివరికి కొత్త బల్బులు కొనుక్కొచ్చి బిగించిన సాయంత్రం, ఊదా రావాల్సింది ఆకుపచ్చ వచ్చింది. "కుదర్లేదే నోలీన్" అని వచ్చి పడుకున్నవాడు మళ్లీ లేవలేదు.

కోరిక తీరకుండా పోయినవాడు తిరుగుతాడంటారు. ఇక తట్టుకోలేక, మర్నాడు షెడ్డు కూల్చడానికి మనుషుల్ని పురమాయించింది నోలీన్.

పనిముట్లు తీసుకెళ్లమంటే ఆ సాయంత్రం కెల్విన్ వచ్చాడు — డెస్‌తో ముప్ఫై ఏళ్లు రేడియోలు విప్పిన స్నేహితుడు. అతను తాళం తీస్తుండగా... వెలిగింది.

నోలీన్ అతని మోచెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. "పోదాం పద" అంది గుసగుసగా.

"ఉండు... పైకప్పు మీద సోలార్ పలక పెట్టాడు. చీకటి పడితే దానంతటదే వెలిగేలా చేశాడు, దొంగ సచ్చినోడు. నీకు చెప్పలేదూ?"

"లేదు."

కెల్విన్ లోపలికి నడిచి దీపం మీదికి వంగాడు. పక్కనే అట్టముక్క మీద డెస్ రాసుకున్న మూడు అంకెలు చూశాడు. వాటి మీద వేలు పెట్టి, మళ్లీ బల్బుల వైపు చూశాడు.

"ఏమిటి?"

"పాత బల్బులు ఒక రకం, ఇవి ఇంకో రకం నోలీన్. వీటికి అంతా తలకిందులు — అంకె పెరిగితే వెలుగు తగ్గుతుంది. నేనూ ఓసారి ఇలాగే వారం రోజులు జుట్టు పీక్కున్నా. వీడు... పొద్దున లేచి ఉంటే పది నిమిషాల్లో కనిపెట్టేవాడు."

తన ల్యాప్‌టాప్ తగిలించి, అంకెలు తిరగేశాడు.

షెడ్డంతా ఊదా రంగు. అచ్చం ఆ పూలే. నోలీన్ ముడతల చేతుల మీద, మేకుకు వేలాడుతున్న డెస్ టోపీ మీద. ఆమె బావురుమంది. ఎనిమిది నెలలుగా రోజూ అక్కడ దీపం పెట్టుకుని ఉన్నాడు, తనేమో కర్టెన్ లాగేసుకుంది.

"కుదిరింది డెస్" అంది వెక్కుతూ. "నువ్వు సరిగ్గానే కలిపావు."

దీపం ఒక్కసారి ఆరి... వెలిగింది.

కెల్విన్ బ్యాటరీ తీగ కదిపి చూశాడు. "బ్యాటరీ... పాతది కదా..."

"నువ్వు ఊరుకో కెల్విన్. రేపు ఆ మనుషుల్ని రావద్దని చెప్పు" అంది నోలీన్, కళ్లు తుడుచుకోకుండానే. "ఆయన విన్నాడు."